సగంలో ఉన్న పుస్తకం

మా డయాలసిస్ గదిలో ఆమెను అందరూ మిషనక్క అనేవాళ్ళు. బడిపిల్లల బట్టలు కుట్టే దుకాణంలో పెళ్ళికి ముందు నుంచీ పనిచేసిన మనిషి. "అన్నేళ్ళు మిషన్ తొక్కాను కదా, దాని ఉసురు తగిలింది, ఇప్పుడు ఇంకో మిషన్ నన్ను కట్టేసి కూర్చోబెట్టింది" అని తన మీద తనే జోకు వేసుకునేది. ఆ దుకాణంలో గుండీలూ అంచులూ చేత్తో కుట్టే వేళ మిషన్లు ఆగేవట. అప్పుడు ఒకరు పాత నవల పైకి చదివితే మిగతావాళ్ళు వింటూ కుట్టేవాళ్ళు. గొంతు పెద్దది కాబట్టి చదివే వంతు ఎక్కువగా ఈమెకే వచ్చేది.

నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. మొదటి నుంచీ ముక్కు మీద కోపం. కిడ్నీలు పోయాక అది ఇంకా ముదిరింది. రోజు విడిచి రోజు సూదులు పొడిపించుకుని కదలకుండా పడి ఉండటం ఒక బతుకేనా అనిపించి, ఒక వారం ఆసుపత్రికి రానని మొండికేశాను. ఒళ్ళంతా నీరు పట్టి ఊపిరాడక అవస్థపడుతుంటే, మా ఆవిడ ఏడ్చి, బతిమాలి, చివరికి వాళ్ళన్నను పిలిపించి బండెక్కించింది. ఆ రోజు నా కుర్చీ మిషనక్క పక్కన పడింది.

"తమ్ముడూ, నీకు దేనికి కోపమొస్తుంది?" అని అడిగింది. పలకరింపు అదే. ఎవరికి ఏ పుస్తకం చదవమని చెప్పాలన్నా ముందు ఈ ప్రశ్నే వేసేదని తర్వాత తెలిసింది. ఏమిష్టమంటే జనం గొప్పలకు పోతారట, కోపం సంగతి అడిగితే నిజం కక్కేస్తారట.

"మా ఆవిడ నాకోసం చాకిరీ చేస్తుంటే కోపం. ఎవరు చేయమన్నారు?"

ఆమె తల ఊపి, సంచిలోంచి ఇటుకంత పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది. అట్ట చిరగకుండా చొక్కాగుడ్డతో తొడుగు కుట్టి ఉంది.

"నవలలు పనిలేనివాళ్ళు చదువుతారక్కా."

"నీకిప్పుడు ఏం పనుందని?"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. మొహం గోడవైపు తిప్పుకున్నాను. అటు తిరిగే, "ఇంత లావుదా? ఇది అయ్యేదాకా నేనుంటానో ఉండనో" అన్నాను.

"అవ్వాలని ఎవరన్నారు? సగంలో ఉంటే చాలు" అంది.

అది పడవ నడుపుకునే ఒక కుటుంబం కథ. పెద్దకొడుకు తమ్ముడి తప్పు తన నెత్తిన వేసుకుని ఇల్లు వదిలి పోతాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మండిన ఒంటితోనే మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాను, ఆమెతో దెబ్బలాడటానికి. "వాడికి బుద్ధుందా అక్కా?" అంటే, "ఇంకాస్త ముందుకు పో, అప్పుడు తిట్టు" అంది. ముందుకు పోయాను. ఆ తర్వాత ఆసుపత్రి రోజున మా ఆవిడ పిలవకముందే చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ చెప్పులు వేసుకుంటూ కళ్ళు తుడుచుకుంది. ఆ గదిలో మిషనక్క మాట మీద లావు పుస్తకాలు పట్టుకున్నవాళ్ళం చాలామందిమి. పుస్తకం సగంలో ఉన్నవాడు మళ్ళీ వస్తాడని ఆమె నమ్మకం.

అలా ఏళ్ళు గడిచాయి. ఆమె చేతిలో నరాలు పనికిరాకుండా పోయాయి. మెడ దగ్గర గొట్టం వేస్తే అది చీము పట్టింది. మార్చి వేస్తే మళ్ళీ పట్టింది. ఒకరోజు మామూలు గొంతుతో చెప్పింది: "ఇంక చాలనుకుంటున్నా తమ్ముడూ. ఈ వారం వరకు వచ్చి, డయాలసిస్ ఆపేస్తా. మా అమ్మాయికీ చెప్పాను. ఏడ్చింది, తర్వాత సరేనంది."

నాకు సరే అనబుద్ధి కాలేదు. "నీకు దేనికి కోపమొస్తుంది?" అని అడిగాను. నవ్వింది. "చెప్పాల్సిన మాట కడుపులో దాచుకునేవాళ్ళంటే" అంది.

ఆమెకు నేను పుస్తకం ఎంచడమంటే తాతకు దగ్గులు నేర్పినట్టే ఉంటుందని తెలుసు. అయినా లైబ్రరీకి వెళ్ళి, అక్కడి పెద్దావిడను పీడించి, ఎవరూ ముట్టుకోక దుమ్ముపట్టిన లావుపాటి పాత నవలలు ఒక్కొక్కటే దింపించాను. చిన్నప్పుడు తప్పిపోయిన చెల్లెల్ని ఊరూరా వెతికే ఒక అక్క కథ దొరికింది. పనులన్నీ మానుకుని చదివేశాను. మిషనక్క చివరిసారి వచ్చిన రోజున దాన్ని ఆమె ఒళ్ళో పెట్టాను.

ఆమె అట్ట నిమిరింది. "నేను చదవలేదిది" అంది. నాకు ఆశ పుట్టింది. మొదటి పేజీ తెరిచి, కొంత చదివి, మూసేసింది.

"చివరికి దొరుకుతుందా? చెప్పు."

"చెప్పను. ఎల్లుండి వచ్చి చదువుకో."

ఆమె పుస్తకం తిరిగి నా ఒళ్ళో పెట్టింది. ఇంత లావు పుస్తకంతోనూ ఆమెను ఆపలేనని అప్పుడు అర్థమైంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. కళ్ళు తుడుచుకుని కథ మొదలుపెట్టాను. అక్క ఏ ఊళ్ళో ఏ తలుపు తట్టిందో, ఎక్కడ మోసపోయిందో, ఏదీ మింగకుండా చెప్పుకొచ్చాను.

"దొరుకుతుంది" అన్నాను. "పిల్లాపాపలతో హాయిగా ఉంటుంది చెల్లెలు. అక్కను గుర్తుపట్టదు. అక్క తానెవరో చెప్పకుండా పక్కింట్లో అద్దెకు దిగుతుంది. అంతే."

మిషనక్క మొహం ఎర్రబడింది. "చెప్పకుండానా? అదేం మనిషి?"

"చెబితే ఆ పిల్ల సంసారం అతలాకుతలం అవదా?"

"అయితే అవనీ. నా అన్నవాళ్ళు వచ్చారని తెలియకుండా బతకడం మాత్రం ఏం బాగు? చెప్పాల్సింది."

నేను కాదన్నాను. ఆమె అవునంది. సిస్టరు వచ్చి గొట్టాలు విప్పుతున్నా ఆమె ఆపలేదు. చక్రాల కుర్చీలో గుమ్మం దాటుతూ కూడా చెయ్యెత్తి, "నీదే తప్పు తమ్ముడూ" అంది.