మగ్గని వజ్రం

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది మా నూజివీడు మావయ్యతో ఉత్తరాదిన ఉన్న పన్నాకు వెళ్లాను. పాత గుళ్లు చూశాం. అడవి దారి పొడవునా పులి వస్తుందేమోనని మావయ్య రామభజన చేస్తూనే ఉన్నాడు. అసలు పని మాత్రం అత్తయ్య ముక్కుపుడకకు వజ్రం కొనడం. ఆ ఊరు వజ్రాలకు పెట్టింది పేరు.

మావయ్య మామిడికాయల వ్యాపారి. రాళ్ల సంగతి బొత్తిగా తెలియదు. వజ్రాల కొట్లో షావుకారు గుడ్డ మీద రాయి పెట్టగానే తీసి, బొటనవేలితో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన పీల్చాడు.

"అది చిన్నరసం కాదు మావయ్యా," అన్నాను సిగ్గుతో.

"ఇంకా మగ్గలేదురా," అన్నాడు ఆయన, తన మామిడికాయల కొట్లో కూర్చున్నట్టే.

ఏమంటున్నాడని షావుకారు నన్నడిగాడు. అబద్ధమాడేంత హిందీ నాకు రాదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

షావుకారు ముఖం మాడిపోయింది. పలుగురాయి భూమిలో మగ్గి మగ్గి వజ్రమవుతుందని వాళ్ల నమ్మకమట. పచ్చిరాయి అంటగట్టబోయి దొరికిపోయానని చేతులు జోడించి, లోపలి నుంచి ఇంకోటి తెచ్చాడు. మావయ్య దాన్నీ వాసన చూశాడు. ఈసారి షావుకారు ఊపిరి బిగబట్టాడు.

"ఇది పర్లేదు. పొట్లం కట్టమను," అన్నాడు మావయ్య.

బయటికొచ్చాక, "ఏం వాసన వచ్చింది మావయ్యా?" అని అడిగాను.

"నా మొహం. రైలెక్కినప్పట్నుంచీ జలుబు. ఏ వాసనా తెలిసి చావట్లేదు."

ఆ రాయి ఇప్పటికీ అత్తయ్య ముక్కునే ఉంది. అసలుదో కాదో ఇక ఆవిడే వాసన చూసి చెప్పాలి.