మేడగది దెయ్యం

మా అమ్మాయి పాత ఇంటి మిస్టరీ నవల చదువుతూ, "అమ్మా, మూసిన గదిలోంచి టక్ టక్‌మని చప్పుడట!" అంది. నాకు ఒళ్లు మండింది.

పద్మక్కా, చెల్లీ విజయా, నర్సీపట్నంలో మన పాత ఇంటి మేడగది గుర్తుందా? అందులోంచీ అదే చప్పుడు. "అటేపు ఎల్లకండే, దెయ్యముంది. ఆడపిల్లల్నే పట్టేత్తాది" అనేది నాయనమ్మ. మనం వణుకుతూ కిందే కూర్చుని, జీడి సొనకి చేతులు పొక్కుతున్నా పప్పు కోసం జీడిపిక్కలు కొట్టేవాళ్లం.

మొన్న ఇల్లు పడగొట్టిస్తుంటే ఆ గదిలో క్యారమ్స్ బోర్డు దొరికింది. వెనకాల మన అన్నయ్యల పేర్లు! ఫోన్ చేసి నిలదీస్తే పెద్దన్నయ్య నవ్వాడు.

"మీరూ మేడెక్కేత్తే కింద పనెవరు సేత్తారని నాయనమ్మే పెట్టిందే ఆ దెయ్యాన్ని!"

ఫోన్ పెట్టేశాను. అమ్మాయికి మాత్రం చెప్పాను: ఎక్కడైనా దెయ్యముందంటే, తలుపు తోసి చూడు, లోపల ఎవరో హాయిగా ఆడుకుంటూ ఉంటారు.