తాళం వెయ్యని తాళాల బాబాయ్

తాళాల బాబాయ్ ఊరందరికీ తాళాలు అమ్ముతాడు గానీ తన ఇంటికి మాత్రం తాళం వెయ్యడు. మర్చిపోయి కాదు, బద్ధకించి అంతకన్నా కాదు. ప్రభువు ఏ క్షణాన వస్తాడో ఎవరికీ తెలియదు కదా, తీరా ఆయన వచ్చేసరికి తలుపుకి ఇంత లావు తాళంకప్ప వేలాడుతూ ఉంటే ఏం బాగుంటుందని.

"ఈలోగా ప్రభువు వస్తే?" అన్నది ఆయన ఊతపదం. ఒకసారి గడ్డం గీసే అతను సగం గీసి, ఫోను మోగిందని పక్కకి వెళ్ళబోతే బాబాయ్ చెయ్యి పట్టుకుని ఆపేశాడు. "ఒక చెంప నున్నగా, ఒక చెంప గరుగ్గా వదిలేసి పోతావేంటయ్యా? ఈలోగా ప్రభువు వస్తే?" అన్నాడు. పళ్ళ డాక్టరు "నోరు అలాగే తెరిచి ఉంచండి, ఇప్పుడే వస్తాను" అంటే టక్కున మూసేశాడు. నోరు తెరుచుకుని ప్రభువుని ఏమని పలకరించాలని ఆయన సందేహం. ఆయనతో పోట్లాడినవాళ్ళకి ఆ పోట్లాట మిగిల్చుకునే భాగ్యం కూడా ఉండదు. చెడామడా తిట్టుకున్నాక, వీధి మలుపు తిరిగేలోగా వెనక్కి పరిగెత్తుకొచ్చి, "ఇద్దరం ముఖాలు మాడ్చుకుని ఉండగా ప్రభువు వస్తే సిగ్గుచేటు. పద, కాఫీ తాగుదాం" అంటాడు.

వీధి చివర ఉన్న దుకాణానికి మాత్రం శ్రద్ధగా తాళం వేస్తాడు. అదేంటి బాబాయ్ అంటే, "అందులో ఉన్నవి ఊళ్ళోవాళ్ళవి, నావి కావు" అంటాడు.

ఒక మధ్యాహ్నం దొంగ రానే వచ్చాడు. తెరిచిన తలుపు నెట్టే అవసరం కూడా లేకుండా లోపలికి దూరాడు. మంచం మీద కునుకు తీస్తున్న బాబాయ్ దిగ్గున లేచి, చేతులు జోడించి, "వచ్చావా ప్రభువా! నేను సిద్ధమే, చొక్కా వేసుకోనా, ఇలాగే వచ్చెయ్యనా?" అన్నాడు. తన వృత్తిలో ఇలాంటి స్వాగతం ఎన్నడూ ఎరగని ఆ దొంగ కాళ్ళకి బుద్ధి చెప్పాడు. బాబాయ్ అతని చెప్పులు చేత్తో పట్టుకుని వీధి చివరిదాకా వెంటబడి, "ఎండగా ఉంది నాయనా, వేసుకుని పరిగెత్తు!" అని కేకేశాడు.

వీధి వీధంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నవ్వనివాడు ఒక్కడే, పక్కింటి ఇన్‌స్పెక్టరు.

ఇన్‌స్పెక్టరంటే పోలీసు కాదు. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. కానీ అనుమానం విషయంలో ఏ పోలీసూ ఆయన కాలిగోటికి చాలడు. టికెట్ లేనివాడే ముందుగా నవ్వుతాడని ఆయన సిద్ధాంతం. బాబాయ్ ఎప్పుడు చూసినా నవ్వుతూ ఉంటాడు. ఇక చెప్పాలా?

"తాళాలు అమ్మేవాడు తాళం వెయ్యడంటే ఏదో మతలబు ఉంది" అన్నాడు ఇన్‌స్పెక్టరు తల్లితో. "దొంగలందరితో పరిచయం లేకపోతే చెప్పులెందుకు అందిస్తాడమ్మా?"

"ఎండగా ఉందని" అంది తల్లి.

"నీకు తెలీదులే."

ఆ తల్లికి తెలియనిది దారి ఒక్కటే. గడప దాటి నాలుగడుగులు వేస్తే కుడో ఎడమో మర్చిపోతుంది. కొడుకు చిన్నప్పటినుంచి చేసిన తప్పులు మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు. ఒకసారి ప్రార్థనకని బయల్దేరి, మందిరానికి కాక మరెక్కడికో వెళ్ళిపోయింది. ఇన్‌స్పెక్టరు వెర్రివాడిలా ఊరంతా తిరిగి, చివరికి బస్టాండులో ఒక బెంచీ మీద కూర్చున్న తల్లిని చూసి, డ్యూటీ బట్టల్లో ఉన్నానన్న సంగతి కూడా మర్చిపోయి వెక్కివెక్కి ఏడ్చాడు. భార్య ఆసుపత్రిలో నర్సు, పగలంతా డ్యూటీలోనే ఉంటుంది. తనకీ పగలే డ్యూటీ. ఆ మర్నాడే బాబాయ్ దుకాణానికి వెళ్ళి, ఉన్నవాటిలోకెల్లా గట్టి తాళం ఇమ్మన్నాడు.

"ఇంత పెద్దదా! ఇంట్లో అంత విలువైనది ఏముంది నాయనా?" అన్నాడు బాబాయ్.

"అమ్మ."

బాబాయ్ ముఖంలో నవ్వు మాయమైంది. తాళం కాసేపు చేతిలోనే పట్టుకుని, ఆ తర్వాత ఇచ్చాడు. ఆ కాసేపూ ఎందుకు పట్టుకున్నాడా అని ఇన్‌స్పెక్టరుకి అప్పుడే అనుమానం వచ్చింది.

అప్పట్నుంచి ఇన్‌స్పెక్టరు రోజూ తల్లిని లోపల ఉంచి తాళం వేసి, మూడుసార్లు లాగి చూసుకుని డ్యూటీకి వెళ్తున్నాడు. తాళం భేషుగ్గా పనిచేసింది. మొదట్లో మూలుగుతూ ముడుచుకుని పడుకున్న తల్లి కొన్నాళ్ళకి తేరుకుంది. ముఖంలో కళ వచ్చింది, ఆకలి పెరిగింది, కూనిరాగాలు కూడా తీస్తోంది. ఆకుపచ్చ ఊలుతో మఫ్లర్ అల్లడం మొదలుపెట్టింది. మనిషికి భద్రత ఉంటే ఆరోగ్యం దానంతటదే వస్తుందని ఇన్‌స్పెక్టరు డిపోలో అందరికీ చెప్పుకున్నాడు.

తన భద్రత సంగతి ఆయన ఎప్పుడో చూసుకున్నాడు. బాప్తిస్మం సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి ముందుగదిలో, తలుపు తీయగానే కనబడేలా వేలాడదీశాడు. "టికెట్ మన దగ్గరుంటే చెకింగ్ ఎప్పుడొస్తే మనకేంటి భయం?" అనేవాడు. ఆయన మందిరంలో సంఘపెద్ద కూడా. అందుకే, రోజూ తెరిచి మూసే పని బాబాయ్‌దని మందిరం తాళం చెవి అతని దగ్గర ఉండటం ఆయన కంట్లో నలుసైంది.

ఇంతలో ఒకరోజు మధ్యాహ్నం, ఇన్‌స్పెక్టరు ఎక్కిన బస్సు సరిగ్గా తన వీధి మొదట్లోనే గాలి పోయి ఆగింది. చక్రం మార్చేలోగా ఇంటికెళ్ళి మంచినీళ్ళు తాగొద్దామని బయల్దేరాడు. బాబాయ్ ఇంటి ముందుకి వచ్చేసరికి లోపలినుంచి నవ్వు వినిపించింది. ఆడమనిషి నవ్వు. దాచుకోకుండా, తెరలు తెరలుగా నవ్వుతోంది.

ఇన్‌స్పెక్టరు చెవులు రిక్కించాడు. బాబాయ్ భార్య పోయి చాలా కాలమైంది. కూతుళ్ళు లేరు. మరి ఈవిడెవరు? గడప దగ్గర ఆకుపచ్చ ఊలుపోగు ఒకటి కనబడింది. దాన్ని పాత టికెట్‌లో మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంతలో డ్రైవరు హారన్ కొట్టాడు. వెనక్కి తిరుగుతూ తన ఇంటివైపు చూశాడు. తాళం వేసింది వేసినట్టే ఉంది. ఈ వీధిలో పద్ధతిగా ఉన్న ఇల్లు మాదొక్కటే అనుకుని బస్సెక్కాడు.

సాయంత్రం తల్లి ఎదురుగా కూర్చుని గుట్టు విప్పాడు.

"బాబాయ్ ఇంటికి ఎవరో ఆడమనిషి వస్తోందమ్మా."

"అలాగా! ఎలా ఉంటుంది?"

"చూడలేదు. నవ్వు విన్నాను. పద్ధతైన మనిషి నవ్వులా లేదు."

తల్లి చేతిలో అల్లికపుల్లలు ఆగిపోయాయి. "పద్ధతైన మనిషి ఎలా నవ్వుతుందిరా?"

"అంత గట్టిగా నవ్వదు" అని జేబులోని ఊలుపోగు తీశాడు. తల్లి ఒళ్ళో ఉన్న ఉండకేసి ఒకసారి, దానికేసి ఒకసారి చూశాడు. ఎంతైనా తనిఖీ చేసి పండిపోయిన కన్ను. "ఈ రంగు ఊలు బజార్లో అందరి దగ్గరా ఉంటుందా?"

"ఎందుకుండదూ? అందరి దగ్గరా ఉంటుంది" అంది తల్లి, మళ్ళీ అల్లుకుంటూ.

మర్నాడే ఇన్‌స్పెక్టరు పాస్టరుగారి ఎదుట ఫిర్యాదు పెట్టాడు. బాబాయ్ దగ్గరినుంచి మందిరం తాళం చెవి తీసేసుకోవాలి, అది చాలకపోతే సంఘంలోంచి వెలివెయ్యాలి. పాస్టరుగారు తలపట్టుకున్నారు.

"ఆయన లాంటి భక్తుడు మన సంఘంలో ఇంకొకరు లేరయ్యా. రాకడ కోసం అంతలా ఎదురుచూసేవాడు..."

"ఆ ఎదురుచూపే నాకు అనుమానం. ప్రభువు పేరు చెప్పి ఎవరికోసం తలుపు తీసి ఉంచాడో! మీరొచ్చి కళ్ళారా చూడండి."

తర్వాతి రోజు ఇన్‌స్పెక్టరు ఎప్పటిలాగే తల్లిని లోపల ఉంచి తాళం వేశాడు, మూడుసార్లు లాగాడు, డ్యూటీకి వెళ్ళాడు. మధ్యాహ్నానికల్లా ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టి, పాస్టరుగారిని ఇంటి దగ్గరే పట్టుకుని, భోంచేసిన చెయ్యి తుడుచుకోనివ్వకుండా లాక్కొచ్చాడు.

బాబాయ్ ఇంట్లోంచి మళ్ళీ అదే నవ్వు.

"విన్నారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, పిల్లిలా నడుస్తూ. గుమ్మం దగ్గరికొచ్చి, ఒక్క ఉదుటున తలుపుని భుజంతో గుద్దాడు. దగ్గరగా వేసి ఉన్న ఆ తలుపుకి తాళమూ గడియా వెయ్యరన్న సంగతి, తాను ఇంతకాలంగా మొత్తుకుంటున్న సంగతే, ఆ క్షణంలో గుర్తు రాలేదు. గుద్దిన ఊపుకి గదిలోకి దొర్లుకుంటూ వెళ్ళి, ఒక కుర్చీ కాళ్ళ దగ్గర బోర్లా పడ్డాడు.

కుర్చీలో తల్లి కూర్చుని ఉంది. ఒళ్ళో ఆకుపచ్చ మఫ్లర్. పక్కన రెండు కాఫీ గ్లాసులు. ఎదురుగా పీట మీద బాబాయ్.

"ఇవాళ తొందరగా వచ్చేశావే నాన్నా. దెబ్బ తగిలిందా?" అంది తల్లి.

ఇన్‌స్పెక్టరు లేచి, గుమ్మంలోకి పరిగెత్తి తన ఇంటికేసి చూశాడు. తిరిగొచ్చి, "తాళం వేసే ఉంది!" అన్నాడు.

"వేసింది నేనే" అన్నాడు బాబాయ్. "అక్కయ్యని తీసుకొచ్చేటప్పుడు తీగపెట్టి తీస్తాను, వెంటనే మళ్ళీ వేసేస్తాను. ఇంట్లో నీ సామాను ఉంది కదా, రోజులు బాగోలేవు."

ఇన్‌స్పెక్టరుకి ఒళ్ళు మండిపోయింది. "నాతో చెప్పకుండా నా ఇంటి తాళం తీస్తావా? దాన్ని దొంగతనం అంటారు!"

"ఒప్పుకుంటాను. చెబుదామనే అనుకున్నాను. చెబితే నువ్వు వద్దంటావు, వద్దన్నాక తీస్తే నీ మాట మీరడం కూడా అవుతుంది. చెప్పకపోతే దొంగతనం ఒక్కటే అని సరిపెట్టుకున్నాను. ప్రభువు కూడా దొంగలాగే వస్తానన్నాడుగా, కాస్త అర్థం చేసుకుంటాడని..."

పాస్టరుగారు దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఆయన్ని అనకు" అంది తల్లి. "పిలిచింది నేను. నువ్వు తాళం వేసిన కొత్తలో, కిటికీలోంచి తమ్ముణ్ణి పిలిచి అడిగాను. ఈ మధ్యాహ్నమే ప్రభువు వస్తే, లోపల ఉన్న నన్ను ఎవరు బయటికి తీసుకొస్తారయ్యా అని."

"ప్రభువుకి తాళాలు అడ్డమా అమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆయన తలుపులు మూసి ఉన్నా వస్తాడు."

"వస్తాడు నాయనా" అన్నాడు బాబాయ్. ఇప్పుడాయన నవ్వడం లేదు. "ఆయనకి అడ్డం కాదు. చిక్కల్లా మనిద్దరికే. ఆ తాళం అమ్మింది నేను, వేసింది నువ్వు. సిద్ధంగా ఉండమంటే ఉతికిన చొక్కా వేసుకుని ఆకాశంలోకి చూడమని కాదు కదా. ఆయన వచ్చేసరికి నేనేం చేస్తూ కనబడాలి? పక్కింటి మనిషి కిటికీలోంచి పిలుస్తుంటే వినబడనట్టు కునుకు తీస్తూనా?"

ఇన్‌స్పెక్టరు అప్పటికీ పట్టు వదల్లేదు. "నేనేమన్నా పాపం చేశానా? అమ్మ ఏమైపోతుందోనన్న భయంతో వేశాను. నేను నమ్మినవాణ్ణి. నా సర్టిఫికెట్ మా ఇంటి గోడ మీదే ఉంది, వెళ్ళి చూడండి!"

"చూస్తూనే ఉంటానురా, రోజంతా నాకు కనబడేది అదేగా" అంది తల్లి మెల్లగా. "గోడ మీద నీ టికెట్టు, గోడల మధ్య నేను. ఆయన తలుపు తీయగానే ఏది ముందు చూస్తాడంటావు?"

ఇన్‌స్పెక్టరు తల్లి కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాడు. అమ్మ నవ్వుని గుర్తుపట్టలేకపోయానన్న సంగతి అప్పుడు తట్టింది. తనింట్లో ఆమె అలా నవ్వి ఎన్నాళ్ళయిందో తలుచుకుంటే సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. "ఆ రోజు నువ్వు దొరక్కపోయి ఉంటే..." అన్నాడు.

"దొరికాను కదరా. దొరికినదాన్ని ఇలా దాచుకుంటారా?" అని తల్లి అల్లుతున్న మఫ్లర్ తీసి కొడుకు మెడకి చుట్టి పొడవు చూసుకుంది. "ఇంకా జానెడు కావాలి. మెడ లావెక్కింది నీకు."

"మరి మందిరం తాళం చెవి సంగతి?" అన్నారు పాస్టరుగారు.

"ఆయన దగ్గరే ఉండనివ్వండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. తన జేబులోంచి ఇంటి తాళం చెవి తీసి బాబాయ్ చేతిలో పెట్టాడు. "ఇదీ ఉంచు బాబాయ్. తీగ పెట్టి తీస్తే తాళం పాడైపోతుంది."

రాత్రి భార్యకి జరిగిందంతా చెబితే ఆవిడ ఇసుమంతైనా ఆశ్చర్యపోలేదు. "నాకెప్పుడో తెలుసు. వీధిలో అందరికీ తెలుసు. మీతో చెబితే రెండో తాళం కొంటారని ఊరుకున్నాం" అంది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు డ్యూటీకి బయల్దేరాడు. తల్లి బాబాయ్ ఇంటి అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉంది. తన ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది, అంతే. అలవాటు చొప్పున లేని తాళాన్ని ఒకసారి లాగబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వీధి మలుపుదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చాడు.

"ఏం మర్చిపోయావురా?" అంది తల్లి.

"ఏం లేదమ్మా. నేను డ్యూటీలో ఉంటాను కదా, ఈలోగా ప్రభువు వస్తే..." అని నసిగాడు.

బాబాయ్, తల్లి ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"వస్తే కూర్చోబెట్టి కాఫీ ఇస్తాంలే" అంది తల్లి. "మావాడు టికెట్లు చూడ్డానికి వెళ్ళాడు, మంచివాడే, సాయంత్రానికి వచ్చేస్తాడని చెబుతాం."

ఆ మాట తలుచుకుంటూ, తనలో తనే నవ్వుకుంటూ ఇన్‌స్పెక్టరు బస్సెక్కాడు. ముందు సీట్లో ప్రయాణికుడొకడు ఆయన్ని చూసి తనూ నవ్వాడు. ఇన్‌స్పెక్టరు చెయ్యి చాచి అతని టికెట్ తీసుకుని ఇటు తిప్పి ఒకసారి, అటు తిప్పి ఒకసారి చూశాడు. టికెట్ సరైనదే. థాంక్స్ చెప్పి తిరిగిచ్చేశాడు.