బటన్లు దాచే జంగయ్య

ఏ వస్తువు మీదైనా అవసరానికి మించి ఒక్క బటన్ కనిపించినా జంగయ్యకు ఒళ్ళు మండిపోయేది. మండి ఊరుకునే రకం కూడా కాదు. గాయాలకు వేసే ప్లాస్టరు చుట్ట ఒకటి ఎప్పుడూ జేబులో ఉండేది. ఎక్కడ బటన్లు ఎక్కువయ్యాయనిపిస్తే అక్కడ ఓ ముక్క అంటించి, దేశానికేదో మేలు చేసినవాడిలా చేతులు దులుపుకునేవాడు.

అతని ఇంట్లో టీవీ రిమోటు యాక్సిడెంటయి దవాఖాన నుంచి వచ్చినట్టుండేది. సౌండు, ఛానలు తప్ప ఒళ్ళంతా కట్లే. భార్య యాదలక్ష్మి వాషింగ్ మెషీన్ కొనుక్కుంటే, తెచ్చినవాళ్ళు మెట్లు దిగకముందే దానికీ ప్లాస్టర్లు పడ్డాయి. పట్టుచీరలు ఉతికే బటన్ ఆ ప్లాస్టర్ల కింద ఉన్న సంగతి ఆమెకు చీర పాడయ్యాక గానీ తెలియలేదు. ఆ సాయంత్రం ఆమె మొగుణ్ణి అన్న మాటలు వినడానికి పక్క వాటావాళ్ళు తమ టీవీ కట్టేసుకున్నారు.

అలాంటి మనిషి బతికేది మాత్రం బటన్ల అడవిలో. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో పెళ్ళి ఆల్బములు తయారుచేసే దుకాణం అతనిది. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ తెరిస్తే తెరకు నాలుగు వైపులా బొమ్మలు, ఒకదాని కడుపులోంచి ఒకటి పుట్టుకొచ్చే జాబితాలు. కెమెరాతో మాయలు చేసే ఫొటోగ్రాఫర్లు కూడా దాని ముందు కూర్చుంటే మొదటిసారి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళలా చెమటలు తుడుచుకునేవారు.

జంగయ్య వాళ్ళ కోసం కంప్యూటర్లు పెట్టి, వాటిలో కనిపించినవన్నీ దాచేశాడు. "ఫొటోకు ఏం గావాలె?" అని అడిగేవాడు. వాళ్ళు ఏ మాటతో చెబితే ఆ మాటనే పేరుగా పెట్టి ఒకే ఒక్క బటన్ చేసిచ్చేవాడు. దాన్ని నొక్కితే వెనకాల ఎన్నో పనులు వాటంతటవే జరిగిపోయేవి. ‘జరీ మెరవాలె’, ‘మబ్బు దించు’, ‘మామ బట్టతల మెరుపు తీయి’ అలా పుట్టినవే. చివరిదాన్ని తుర్కయంజాల్ ఫొటోగ్రాఫర్ తిరుపతి కోరి చేయించుకున్నాడు. పెళ్ళిళ్ళ సీజన్లో ఆ బటన్‌కు ఊపిరాడేది కాదు.

ఇదంతా చూసి నోరు వెళ్ళబెట్టేవాడు బాపిరాజు. భీమవరం వైపు నుంచి వచ్చి కర్మన్‌ఘాట్‌లో స్టూడియో పెట్టుకున్న పెద్దమనిషి. డార్క్‌రూమ్‌లో అరచేతులతో వెలుతురును ఆపీ వదిలీ ఫొటోలు కడిగిన తరం. ఈమధ్య ఆ చేతికే వణుకు పట్టుకుంది. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పలేదు. పెళ్ళివాళ్ళ చెవిన పడితే మళ్ళీ ఎవరూ పిలవరు, ఫొటో తప్ప ఆయనకు మరో బతుకు తెలియదు. ఫ్లాషు వెలుగులో కెమెరా ఆ వణుకును దాచిపెట్టేది గానీ, మౌసు మాత్రం చాడీలు చెప్పేది. తెర మీద బాణం మిడతలా గెంతేది. వెనక ఎవరైనా నిలబడితే ఆయన చేతులు కట్టుకుని దీర్ఘంగా ఆలోచిస్తున్నట్టు నటించేవాడు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన రోజుల్లో, ఓ ఉదయం దుకాణంలో మౌసులన్నీ మాయమయ్యాయి. వాటికి కూడా బటన్లున్నాయని జంగయ్య కనిపెట్టాడట. తిరుపతి తల పట్టుకున్నాడు.

"గిదేంది జంగన్నా, రేపు కీబోర్డు గూడ గుంజుకుంటవా?"

"దాని మీద గూడ కన్నేసిన. తొందరేం లేదు."

జంగయ్యకు ముదిరిందని తిరుపతి సందంతా చాటింపు వేశాడు. బాపిరాజు పైకి అందరితో పాటు విసుక్కున్నాడు. లోపల మాత్రం దేవుడున్నాడనుకున్నాడు.

ఆ సమ్మెలోనే ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు జరిగింది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకుని, అక్కడే కూర్చుని తినడం. పెంటమ్మ అనే పెద్దావిడ పొయ్యి ఊదుతుంటే బాపిరాజు ఫొటో తీశాడు. వెనక ఆగిపోయిన లారీల వరస వచ్చింది, పొగ వచ్చింది, పెంటమ్మ ముఖమే చీకట్లో మునిగిపోయింది. దీక్షా శిబిరం వాళ్ళేమో ఆ ఫొటోను పెద్దది చేసి కడతామని కూర్చున్నారు.

"ఏం గావాలె రాజుగారూ?" అన్నాడు జంగయ్య.

"పొయ్యి వెలుగు ఆవిడ కళ్ళ దాకా రావాలయ్యా. పొగ మాత్రం చెదరకూడదు."

జంగయ్య ‘పొయ్యి వెలుగు’ అని బటన్ చేసి, దాన్ని కీబోర్డులో ఒక కీకి తగిలించాడు. బాపిరాజు ఆ కీ నొక్కగానే తెర మీద మెత్తటి వలయం ఒకటి తేలింది. బాణం కీలు నొక్కుతుంటే అది కొంచెం కొంచెంగా, ఎక్కడా తొణక్కుండా గడ్డం మీదికి, చెంపల మీదికి, కళ్ళ మీదికి పాకింది. మళ్ళీ కీ నొక్కితే వలయం వెలుగై ముఖంలోకి ఇంకిపోయింది. పెంటమ్మ తన ముడతలన్నిటితో పొగలోంచి లేచి వచ్చి, ఎదురుగా కూర్చున్నట్టు చూసింది. బాపిరాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అది అంతకుముందు ఎవరూ చూడని వింత.

"ఆంధ్రా కంటికి మా తెలంగాణ పొగ మంచిగనే కనవడ్డది," అన్నాడు జంగయ్య.

"మండేటప్పుడు ఏ కన్నయినా ఒకటేలేవయ్యా," అన్నాడు బాపిరాజు, అదే కన్ను తుడుచుకుంటూ.

మర్నాడు బంద్. ప్రింటుకు ఇవ్వాల్సిన ఫొటో కోసం బాపిరాజు నడిచే వచ్చాడు. షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి దూరినవాడు అలాగే వంగి ఉండిపోయాడు. జంగయ్య తెర మీద, అతను లోకానికి దాచిన జాబితాలన్నీ బార్లా తెరుచుకుని ఉన్నాయి. వాటి మధ్య అతని చెయ్యి మౌసు పట్టుకుని నీళ్ళలో చేపలా తిరుగుతోంది. వాటిలో ఒక్కొక్కటి నొక్కి చూసి, పనికొచ్చినదాన్ని ఏరి, ఎవరి కోసమో ఒక్క బటన్‌లోకి ముడివేస్తున్నాడు. అందరికీ తప్పించిన తిప్పలన్నీ ఈ ఒక్కడే పడుతున్నాడన్నమాట. గోపురం కట్టేవాణ్ణి దగ్గర్నుంచి చూసినట్టయింది బాపిరాజుకు.

"మౌసంటే పడదన్నావు?"

జంగయ్య ఉలిక్కిపడి మౌసును చొక్కా కింద దూర్చేశాడు. దాని తీగ బయటికి వేలాడుతూనే ఉంది.

"గిది ఖరాబైంది. బాగు చేస్తున్న."

"నిజం చెప్పవయ్యా."

జంగయ్య ఆ తీగను వేలికి చుట్టుకున్నాడు. "మీరు చాయ్ సాసర్ల పోసుకునుడు బంద్ చేసిన్రు రాజుగారూ. గప్పుడే సమజైంది."

బాపిరాజు చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళింది. "ఎవరికైనా చెప్పావా?"

"ఎవలకు జెప్త? మీ ఒక్కరి మౌసు తీస్తే ఎందుకని అందరడుగుతరు. అందరియి తీస్తే జంగయ్యకు పిచ్చి లేసిందంటరు. గది నాకు అలవాటే."

బాపిరాజు ఏదో అనబోయేంతలో షట్టరు కింది నుంచి తిరుపతి తల లోపలికొచ్చింది. వస్తూనే ఆయన్ని పట్టుకున్నాడు. "మీరన్న చెప్పుర్రి సార్. పెద్దోళ్ళ మాటయితే ఇంటడు. మా మౌసులు ఇప్పియ్యుర్రి."

బాపిరాజు రెండడుగులు పక్కకు వేసి, వేలాడుతున్న తీగకు అడ్డంగా నిలబడ్డాడు.

"చెప్పి చూశానయ్యా. ఇతను వినే రకం కాదు. బాగా ముదిరిపోయింది."

"అవ్," అన్నాడు వెనక నుంచి జంగయ్య, పరమ సంతోషంగా. "శానా ముదిరింది."