అంకుల్ ఒంటిమీది జాకెట్

సహోదరులారా, ప్రభువు పేరిట మీకందరికీ వందనాలు. పడవ బోల్తా పడినా బతికొచ్చిన విశ్వాసి అని మీరంతా నన్ను చూసి స్తోత్రాలు చెబుతుంటే తల ఎత్తలేకపోతున్నాను, సిగ్గుగా ఉంది, అందుకే జరిగింది జరిగినట్టు చెప్పడానికి నిలబడ్డాను.

మాది ఉప్పాడ దగ్గర చేపలవేట కుటుంబం, సముద్రమంటే నాకు లెక్కే లేదు! ఈ పరాయి దేశంలో మన గిరావీన్ ఊరి తెలుగు సహవాసం మగవాళ్ళం అద్దె పడవలో ఫిషింగ్‌కి బయలుదేరాం కదా, ఆ రేవులో పాత ఓడ ప్రమాదం గురించి ఒక బోర్డు ఉంది. మునిగిపోతున్నవాళ్ళు లైఫ్ బోటు అంచు పట్టుకుంటే లోపలివాళ్ళు తెడ్లతో వేళ్ళమీద కొట్టారట. సాగనంపడానికొచ్చిన మా అమ్మాయి చదివి వినిపిస్తే, "ఛీ, వీళ్ళూ మనుషులేనా!" అన్నాను. "దే వర్ జస్ట్ స్కేర్డ్, డాడీ" అంది.

పడవెక్కి ప్రార్థన చేశాక, ఫోటో కోసమని అందరిచేతా లైఫ్ జాకెట్లు విప్పించి, యేసయ్య ఉన్న పడవలో మళ్ళీ ఇవెందుకని పక్కన పడేయించాను. సామ్యేలు అంకుల్ ఒక్కరే విప్పలేదు. అల్పవిశ్వాసి అని అందరి ముందూ ఆటపట్టిస్తే నవ్వి ఊరుకున్నారు.

ఏరు సముద్రంలో కలిసేచోట అల లేచి పడవ తిరగబడింది. మిగతావాళ్ళు పడవను పట్టుకుని వేలాడారు, నేనూ అంకుల్ దూరంగా కొట్టుకుపోయాం. అప్పుడు నేను చేసిన ప్రార్థన ఏమిటో చెప్పనా? "ప్రభువా, ఎవరు పోయినా సరే, నన్ను మాత్రం బతికించు!" ఆ ప్రార్థన చేస్తూనే ఆ పెద్దాయన ఒంటిమీది జాకెట్ ఊడలాగుతున్నాను సహోదరులారా, ఒక పట్టీ తెగిపోయింది కూడా! ఆయన తిట్టలేదు, తన్నలేదు. నా మెడ చుట్టూ చెయ్యి వేసి, "లాగకు బాబూ, నన్ను పట్టుకో, ఇద్దర్నీ మోసేస్తుంది" అన్నారు. తర్వాత నా చెవి పక్కనే, "తండ్రీ, ఈ బిడ్డను విడిచిపెట్టకు" అని ప్రార్థించారు. తనకోసం ఒక్క మాట అడగలేదు. రెస్క్యూ బోటు వచ్చేదాకా నన్ను వదల్లేదు. ఒక్క ప్రాణం కూడా పోలేదు, దేవునికే మహిమ!

ఈ సంగతి ఆయన ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇంటికి వెళ్ళాక నేను మా అమ్మాయి మొహం చూడలేకపోయాను. వెళ్ళి అంకుల్ కాళ్ళమీద పడి ఏడిస్తే, లేపి కూర్చోబెట్టి కాఫీ పెట్టిచ్చారు.

ప్రియులారా, నాలాంటివాణ్ణే వదలని దేవుడు మిమ్మల్ని వదులుతాడా? ఆయన్ని నమ్మండి, పడవెక్కితే జాకెట్ మాత్రం విప్పకండి. ఒక్కటే మనవి, నా ప్రార్థనకు జవాబొచ్చిందని ఇక అనకండి. నేనడిగినట్టే జరిగి ఉంటే అంకుల్ ఇవాళ మన మధ్య ఉండేవారు కాదు. దేవుడు ఆయన ప్రార్థన విన్నాడు.