షెలెమ్యా చేతిలో తెల్లగుడ్డ

యెరూషలేములో పెద్ద న్యాయసభ గుమ్మం దగ్గర తెల్లగుడ్డ పట్టుకుని నిలబడడం షెలెమ్యా పని. మరణశిక్ష పడినవాణ్ణి తీసుకెళ్తుండగా కూడా ఎవరైనా వచ్చి అతని తరఫున మాట చెప్పవచ్చు. అలా వస్తే షెలెమ్యా గుడ్డ ఊపాలి. దూరాన గుర్రం మీదున్న నేను అది చూసి, పరుగున వెళ్లి శిక్ష ఆపాలి. ఏళ్ల తరబడి ఎవరూ రాలేదు. అయినా ఎంత ఎండలోనూ అతను ఆ గుడ్డతో చెమట తుడుచుకునేవాడు కాదు. వట్టి మొండిఘటం.

"ఈగలైనా తోలుకో అన్నా," అనేవాణ్ణి.

"అది చూసి నువ్వు పరిగెడితే? నోరు మూసుకుని గుర్రాన్ని చూసుకో."

వానల్లేని ఒక ఏడు యెదాయా అనేవాడు ప్రవక్తనంటూ బయల్దేరాడు. నెలలోపు వాన పడుతుందని దేవుడు సెలవిచ్చాడట, ఉన్న గింజలన్నీ చల్లేయాలట. ఆ మాట ఆనోటా ఈనోటా పాకింది. షెలెమ్యా కూడా చల్లాడు. చినుకు పడలేదు. అతని చిన్నకూతురు ఆకలితో పోయింది. దేవుడి పేరుతో అబద్ధం చెప్పినవాడికి మా ధర్మంలో ఒకటే శిక్ష. మెడకు గుడ్డ చుట్టి, సాక్షులిద్దరూ చెరోవైపు లాగుతారు. యెదాయాకు అదే పడింది. నాకైతే ఇసుమంత జాలి కలగలేదు.

గుమ్మంలో చాటింపు వేశారు. "యెదాయాను చంపడానికి తీసుకెళ్తున్నారహో. పండగ మర్నాడు చేపల గుమ్మం దగ్గర అబద్ధ ప్రవచనం చెప్పాడు. విన్న సాక్షులు గిద్దేలు, హాషూము. ఇతని పక్షాన చెప్పేవాళ్లుంటే రండహో."

ఎవరూ రాలేదు. అతన్ని నడిపించుకుపోతున్నారు. అంతలో గుడ్డ పైకి లేచింది. నేను గుర్రాన్ని పరిగెత్తించి, వాళ్లను ఆపి, అతన్ని వెనక్కి తెచ్చాను.

"ఎవరొచ్చారన్నా?"

"నేనే."

సభలోకి వెళ్లి చెప్పాడు. "ఆ రోజు గిద్దేలు ఎమ్మాయులో, మా చెల్లెలి పెళ్లిలో నా పక్కన కూర్చుని తిన్నాడయ్యా. ఊరంతా చూసింది."

గిద్దేలు మొహం మాడిపోయింది. "నిజంగా విన్నవాళ్లు యాత్రికులు, ఊళ్లకు పోయారు. ఎవరో ఒకరు చెప్పాలిగా? నీ కూతుర్ని పొట్టన పెట్టుకున్నవాడయ్యా వాడు."

"అవును. కానీ నువ్వు వినలేదు."

ఎమ్మాయు వాళ్లను పిలిపించి అడిగారు. షెలెమ్యా మాటే నిజమని తేలింది. ఒక్క సాక్షితో ప్రాణం తీయకూడదు కనుక యెదాయాను వదిలేశారు. వాడు వచ్చి షెలెమ్యా కాళ్ల మీద పడబోయాడు.

"ముట్టుకోకు. మా పిల్ల పేరు తిర్సా. ఇకమీదట దేవుడి పేరెత్తాలనిపిస్తే ముందు ఆ పేరు తలుచుకో."

వాడు వెళ్లిపోయాక షెలెమ్యా మళ్లీ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. గుడ్డ పైకెత్తి ముఖానికి అదుముకున్నాడు. నేను గుర్రాన్ని కదపలేదు.