తిడితే గాని కదలని గుర్రం

మంచిగా చెప్తే వినే జంతువులు లోకంలో చాలా ఉన్నాయట. నా నెత్తిన పడ్డది మాత్రం ఆ రకం కాదు.

అబుదాబి దిక్కున అల్ ఐన్ దాటి, ఖర్జూరపు తోటలు కూడా అయిపోయి, ఉత్త ఇసుక మొదలయ్యే చోట మా కఫీల్ ఫారం ఉంది. కఫీల్ అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని. నేను అక్కడికి మేకలు కాసే పని మీద వచ్చాను. మా జగిత్యాల దిక్కున నేను గుర్రాన్ని దగ్గరగా చూసింది పెళ్లి బారాత్‌లలోనే. అదీ పెళ్లికొడుకు దాని మీద బిక్కచచ్చి కూర్చుని ఉంటే, కింద నిలబడి నవ్వుకోవడానికి. అలాంటి నాకు ఓ పొద్దున కఫీల్ ఒక తెల్ల ఆడగుర్రాన్ని బండిలోంచి దించి, తాడు చేతికిచ్చి, "ఇక దీన్ని నువ్వే చూసుకో" అని వెళ్లిపోయాడు. పందెంలో అన్నీ పరుగెత్తుతుంటే ఇది నిలబడి చూసిందట. అందుకని చవకగా అమ్మేశారట. ఆ ముక్క తాడు పట్టుకోకముందు నాకు ఎవడూ చెప్పలేదు.

వచ్చీ రాగానే నా కాలు తొక్కి నిలబడింది. తోశాను. కదల్లేదు. "చలో బేటీ" అని బుజ్జగించాను. చెవి కూడా ఆడించలేదు. నొప్పి నషాళానికంటింది.

"నీ మొకం మన్నువడ, కాలు తియ్యవే పీనుగా! దొర్సాని లెక్క ఎట్ల నిలవడ్డది సూడు! సిగ్గు శరం లేదా నీకు?" అని ఊళ్లో ఎద్దును తిట్టినట్టు గొంతెత్తి తిట్టాను.

గుర్రం చెవులు నిక్కబొడుచుకుంది. నా వైపు ఒకసారి చూసి, కాలు తీసి, బుద్ధిగా పాకలోకి నడిచింది.

ఇక అంతే. పొద్దున తిడితే గాని పాక దాటదు, మధ్యాహ్నం తిడితే గాని నీళ్లు తాగదు, సాయంత్రం తిడితే గాని గడ్డి ముట్టదు. పుట్టుకతో నేను తిట్టుబోతును కాను. మా ఆవిడను అడిగితే వేరేలా చెబుతుంది, అది వేరే సంగతి. కానీ రోజంతా ఒక జంతువును తిట్టుకుంటూ తిరగడం ఎంత చాకిరీయో చేసినవాడికే తెలుస్తుంది. నిన్నటి తిట్టు ఇవాళ తిడితే దానికి ఆనదు. కొత్తది కావాలి. మేకల పని ముగించుకుని, అలిసిపోయి, నోరు పిడచగట్టుకుపోయి ఉన్నప్పుడు కొత్త తిట్లు ఎక్కణ్నుంచి తెచ్చేది?

ఇది చాలదన్నట్టు కరోనా వచ్చింది. అల్ ఐన్‌లో జబ్బు ఎక్కువగా ఉందని కఫీల్ తన ఇద్దరు కొడుకుల్ని ఫారానికి తెచ్చి దించాడు. పెద్దవాడికి పదకొండేళ్లు, చిన్నవాడికి ఎనిమిది. ఇద్దరికీ చెరో ట్యాబ్, అందులో బడి. వాళ్లు క్లాసులో కూర్చునేలా చూడటం కూడా నా పనే అన్నాడు. మేకలు నావే, గుర్రం నాదే, చదువు కూడా నాదే. నేను చదివింది ఏడో తరగతి.

ఖర్మ కాలి ఆ ఫారం మొత్తంలో సిగ్నల్ సరిగా వచ్చేది గుర్రపు పాక దగ్గరే. పిల్లలు ట్యాబ్‌ను గడ్డితొట్టి మీద నిలబెట్టి, ఒకసారి "హాజర్" అని, మేకల మధ్య ఉరుకులాడేవాళ్లు. ఓ రోజు కఫీల్ ఫోన్ చేసి అరిచాడు.

"క్లాసులో గుర్రం ఎందుకుంది? టీచరమ్మ భయపడి నాకు ఫోన్ చేసింది!"

నేనేం చెప్పాలి? నీ కొడుకుల కంటే అదే కదలకుండా పాఠం వింటోందని చెప్పాలా? "సారీ అర్బాబ్" అని పెట్టేసి, వెళ్లి చూస్తే, గుర్రం ట్యాబ్ అద్దాన్ని శుభ్రంగా నాకి పెట్టింది. పిల్లలు నీళ్ల ట్యాంకు మీద కూర్చుని కాళ్లు ఊపుతున్నారు. ఒకణ్ని దించితే ఇంకొకడు ఎక్కుతాడు. నాకు ఆ రోజుల్లో ఏడుపొక్కటే తక్కువ.

కోతులకు పని చెప్పక్కర్లేదు, చూస్తే చాలు నేర్చుకుంటాయి. నేను గుర్రంతో మాట్లాడేది వీళ్లూ పట్టుకున్నారు. మా మాటలన్నీ హిందీలోనే, మధ్యలో కొంత అరబ్బీ. గుర్రంతో మాత్రం నాది మా ఊరి తెలుగు. చిన్నవాడు ఓ రోజు నిలదీశాడు.

"చాచా, దానితో ఏమంటావు నువ్వు?"

తిట్లని చెబితే వాళ్ల నాన్నకు చేరుతుంది. తన గుర్రాన్ని పీనుగ అంటున్నానని తెలిస్తే ఆయన ఊరుకుంటాడా? "దువా, బేటా. మా ఊళ్లో చేసే దువా. వింటే ధైర్యం వచ్చి నడుస్తది" అన్నాను. వాడు చాలా శ్రద్ధగా తలూపాడు. నా తంటా అక్కడే మొదలైంది.

రంజాన్ పండక్కి వాళ్ల నానమ్మ ఫారం చూడటానికి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో, కర్ర పట్టుకుని, కారు వైపు ఒక్కో అడుగూ వేస్తోంది. చిన్నవాడు పరుగున వెళ్లి, ఆమె చెయ్యి పట్టుకుని, చెవి దగ్గర ఎంతో ప్రేమగా అన్నాడు: "నడువ్వే, ముసలి పీనుగా."

నా చేతిలోని గడ్డిమోపు కింద పడింది. అదేమిటని ఆమె అడిగితే, చాచా ఊరి దువా అని వాడు చెప్పాడు. ఆమె కళ్లు తడిచేసుకుని, నన్ను దగ్గరికి పిలిచి, నా పిల్లలు చల్లగా ఉండాలని దీవించింది. మర్నాడు ఒక పెట్టెడు ఖర్జూరాలు కూడా పంపింది. అవి నాకు గొంతు దిగితే ఒట్టు.

ఆమె పిల్లలు అన్నది కానీ నాకున్నది ఒక్క కొడుకు. నేను ఇంటి నుంచి బయలుదేరినప్పుడు వాడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఇంటికి పోయే నా ఛుట్టీ కరోనా వచ్చిన ఏడే రావాల్సింది. విమానాలు ఆగిపోయాయి. మళ్లీ విమానాలు మొదలై, ఇక పోదామనుకునే వేళకు ఆ జబ్బు నాకే తగులుకుంది. నన్ను తీసుకెళ్లి వేరే గదిలో పడేశారు, పిల్లల్ని ఆ కొన్నాళ్లూ ఇంటికి తీసుకుపోయారు. నేను లేనన్ని రోజులూ ఆ దొర్సాని పాక దాటలేదు. ఎవరు పెట్టినా తినలేదు, సరిగా నీళ్లు తాగలేదు. కడుపు నొప్పితో కింద పడి దొర్లింది. గుర్రాల డాక్టరు వచ్చి కష్టం మీద బతికించాడు. నేను తిరిగొచ్చి "సచ్చినవా బతికినవా?" అంటే లేచి నిలబడింది.

కఫీల్ హడలిపోయాడు. అప్పట్నుంచి ఎప్పుడు అడిగినా ఒకటే మాట.

"మాఫీ ఛుట్టీ, సెలవు లేదు. నువ్వు పోతే గుర్రం మర్ జాయేగా. అది ఇంకొకడి మాట వినేలా చెయ్యి. అప్పుడు పో."

మా ఆవిడ మొదట్లో ఫోన్‌లో, "పోరడు రోజు అడుగుతుండు, బాపు ఎప్పుడస్తడు అని" అనేది. ఏదో ఒకటి చెప్పి దాటేసేవాణ్ని. ఓ దసరాకు నేనే అడిగాను, పోరడు అడుగుతున్నాడా అని.

"ఇప్పుడు అడుగుతలేడు" అంది.

ఎట్లాగైనా ఆ ఏడు ఇల్లు చేరకపోతే వాడు నన్ను పూర్తిగా మరిచిపోతాడనిపించింది. ఒక మొండి గుర్రం కోసం కొడుకును పోగొట్టుకోవాలా?

కఫీల్ కాళ్లావేళ్లా పడితే ఒక నేపాలీ మనిషిని తెచ్చిచ్చాడు. దేవుడిలాంటివాడు. వచ్చిన చిక్కే అది. తిట్లన్నీ దగ్గర కూర్చుని నేర్పించాను. మాట తప్పు పోయేది కాదు. కానీ గుర్రం ముందు నిలబడి, తల వంచి, "నడువ్ పీనుగా జీ" అనేవాడు. గుర్రం కళ్లు మూసుకునేది.

"అట్ల కాదయ్యా! కోపం రావాలె! నీకు కోపం రాదా?" అన్నాను.

"అది ఏం తప్పు చేసింది భాయ్?" అన్నాడు.

వాడికి కోపం తెప్పిద్దామని ఓ రోజు వాడి చాయ్‌లో ఇంత ఉప్పు కలిపాను. గ్లాసు ఖాళీ చేసి, "పహాడ్‌లో, మా కొండల మీద, అమ్మ కూడా ఇట్లనే చేస్తుంది" అని నాకు దండం పెట్టాడు. నా తల గోడకేసి కొట్టుకోవాలా, వాడిది కొట్టాలా?

అప్పటికి బడులు తెరిచారు. పిల్లలు ఇంటికి వెళ్లిపోయినా ఫారాన్ని వదల్లేదు. బడి అవగానే డ్రైవర్‌ను సతాయించి వచ్చేవాళ్లు. సెలవులొస్తే పొద్దున్నే దిగేవాళ్లు. అట్లాంటి ఒక పొద్దున నేను మేకల నీళ్ల పైపు బాగుచేసి వచ్చేసరికి పాక తలుపు బార్లా తెరిచి ఉంది. గుర్రం లేదు. పిల్లలూ లేరు. ఒంటెల కంచె అవతలికి, ఇసుక దిబ్బల వైపు డెక్కల జాడ ఉంది.

పిల్లలకు ఏమన్నా అయితే నా గతేం కాను? గుర్రానికి ఏమన్నా అయితే మాత్రం నన్ను ఇంటికి పంపేదెవరు? పికప్ తీసి, నేపాలీని ఎక్కించుకుని, దారి పొడుగునా ఆ ఇద్దర్నీ, వాళ్లను కన్నవాణ్నీ, గుర్రాన్నీ, గుర్రాన్ని అమ్మినవాణ్నీ వరసబెట్టి తిట్టాను. నేపాలీ పక్కన కూర్చుని మంత్రాలు చదువుకున్నాడు. సరిగ్గా దిబ్బ మొదట్లో చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. దిగబడవు మరి? దిగి, ఎండలో ఎగశ్వాసతో పైకి ఎక్కాను.

దిబ్బ మీదికి రాకముందే నా గొంతు నాకు వినబడింది. నా గొంతు కాదు, చిన్నవాడిది. కానీ ఆ విరుపు, ఆ దీర్ఘం, అన్నీ నావే. తొంగిచూశాను. పెద్దవాడు గుర్రం మీద ఉన్నాడు, కుడి చీలమండ వాచి ఉంది, ఏడుపు ఆపుకుంటున్నాడు. కింద పడితే తమ్ముడే మళ్లీ ఎక్కించినట్టున్నాడు. గుర్రం మాత్రం రాయిలా నిలబడింది. చిన్నవాడు దాని ముందు నడుం మీద చేతులు పెట్టుకుని, నేను ఉమ్మినట్టే పక్కకు ఉమ్మి, తనకు వచ్చినవన్నీ అందుకున్నాడు.

"నీ మొకం మన్నువడ! దొర్సాని లెక్క నిలవడ్డవ్! నడువ్వే సోమరిపోతా! బువ్వ తిన్నవా లేదా? తినకపోతే సస్తవే! నువ్వు సస్తే ఈ ఇసుకల నాకు ఎవలున్నరే?"

ఆ చివరి మాట నేను వాడికి నేర్పలేదు. సాయంత్రం గడ్డి వేస్తూ, ఎవరూ వినడం లేదనుకుని అనే మాట అది. నాకు ఒళ్లంతా సిగ్గేసింది. గుర్రం చెవులు లేపి, మెల్లగా, పెద్దవాణ్ని కుదపకుండా దిబ్బ దిగింది. చిన్నవాడు నన్ను చూసి, "చాచా, దువా పనిచేసింది!" అన్నాడు. ఇద్దర్నీ చావగొడదామని వచ్చినవాణ్ని, పోయి తాడు పట్టుకున్నాను.

సాయంత్రం కఫీల్ వచ్చి, కొడుకు కాలికి కట్టు చూసి, ముందు నన్ను అరిచి, తర్వాత జరిగిందంతా విన్నాడు. చిన్నవాడితో తన ముందు ఆ దువా చదివించాడు. గుర్రం ఆవరణ చుట్టూ ఒక చుట్టు తిరిగి, తొట్టి దగ్గరికి పోయి గడ్డి తిన్నది. కఫీల్ గడ్డం నిమురుకుంటూ అన్నాడు.

"ఖలాస్. నువ్వు ఇంటికి పో. రోజూ వీడొచ్చి దువా చదువుతాడు."

ఇంటికి వచ్చాను. నా కొడుకు రెండో తరగతి. తలకు నూనె రాసి, తెల్లచొక్కా తొడిగి, గడపలో నిలబెట్టారు. రెండు చేతులూ జోడించి, "నమస్తే. మంచిగున్నరా?" అన్నాడు. ఊరి సర్పంచికి పెట్టినట్టు పెట్టాడు.

చాక్లెట్ ఇస్తే తీసుకున్నాడు. కూర్చోమంటే కూర్చున్నాడు. నీళ్లు తెమ్మంటే తెచ్చాడు. ఏమడిగినా "సరే అండి". నేనూ "తింటావా నాన్నా, పడుకుంటావా నాన్నా" అని నేపాలీ గుర్రాన్ని బతిమాలినట్టు బతిమాలాను. రోజులు గడిచాయి కానీ వాడు నా మంచం మీద అంచునే కూర్చున్నాడు. ఇంత మంచిగా చెప్పిన మాట వినే పిల్లవాణ్ని చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియలేదు.

ఓ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే ఫోన్ మోగింది. వీడియోలో చిన్నవాడి మొహం. జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. గుసగుసగా, "చాచా, అది పొద్దుట్నుంచి తినలేదు. దువా, దువా!" అని ఫోన్ గుర్రం వైపు తిప్పాడు.

కంచం పక్కన పెట్టి, వాకిట్లోకి వచ్చి, నోరు విప్పాను. "ఏమే దొర్సానీ! నేను జర ఇంటికస్తే నీకు అలుకనా? నీ కండ్లల్ల దుమ్మువడ! తింటవా, అచ్చి తినవెట్టాల్నా? నీ సోకు సల్లగుండ! పోరన్ని ఏడిపిస్తవే, సిగ్గులేనిదానా?" పక్కింటివాళ్లు గోడ మీదుగా చూశారు. మా ఆవిడ తల పట్టుకుంది. ఫోన్‌లో గుర్రం తల తిప్పింది, గడ్డి నోట కరుచుకుంది. ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగాను.

నా కొడుకు గడపలో పొట్ట పట్టుకుని, కళ్ల వెంట నీళ్లు వచ్చేలా నవ్వుతున్నాడు. వచ్చినప్పట్నుంచి వాడి నవ్వు వినడం అదే మొదలు. నవ్వి నవ్వి, ఆగి, నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"బాపూ, నన్నెందుకు గట్ల తిట్టవు నువ్వు?"

నోరు తెరిచాను. అంత నోరున్న నాకు ఆ పూట ఒక్క తిట్టు కూడా రాలేదు.